కొన్ని నీడలు, పూర్తి బొమ్మ

తలకి గట్టి దెబ్బ తగిలినా, కడుపునొప్పి ఎంతకీ తగ్గకపోయినా డాక్టర్లు తరచు రాసేది సీటీ స్కాన్. పెద్ద గుండ్రటి యంత్రం, మధ్యలో ఖాళీ, అందులోకి మెల్లగా జరిగే బల్ల. ఇంతవరకు మనలో చాలామందికి తెలుసు. రిపోర్టుతో పాటు ఇచ్చే నల్లటి ఫిల్మ్ మీద తలని అడ్డంగా కోసి చూపినట్టు బొమ్మలుంటాయి. ఆ బొమ్మల్ని ఏ కెమెరా తీయలేదు. యంత్రం కొలిచింది నీడల్ని మాత్రమే. ఆ నీడలు పడాలంటే లోపల ఏముండాలో కంప్యూటర్ వెనక్కి లెక్క కట్టి గీసింది.

మరి నీడలు సరిపడినన్ని లేకపోతే ఏం చేస్తారు? ఇది సైన్స్ విభాగం వాళ్ల గోడ మీద ఉండాల్సిన ప్రశ్న కదా అంటారేమో. పురుగు తిన్న తాటాకు ముందు పెట్టుకుని కూర్చున్న పరిష్కర్తది కూడా సరిగ్గా ఇదే ప్రశ్న. అందుకే ఈ వ్యాసం మన పత్రికలో రాస్తున్నాను.

నీడలో ఏముంటుంది?

ఎక్స్-రే కిరణం శరీరంలోంచి దూసుకుపోతుంది. ఎముక దాన్ని ఎక్కువగా మింగేస్తుంది, కండ కొంత మింగుతుంది, గాలి నిండిన ఊపిరితిత్తి చాలా తక్కువ మింగుతుంది. అవతలి వైపు కిరణం ఎంత బలహీనపడి వచ్చిందో కొలిస్తే, దారిలో దానికి అడ్డొచ్చినవాటి మొత్తం తెలుస్తుంది. మొత్తం మాత్రమే తెలుస్తుంది, ఏది ఎక్కడుందో తెలియదు. మామూలు ఛాతీ ఎక్స్-రేలో పక్కటెముకలు, గుండె, ఊపిరితిత్తులు ఒకదాని మీద ఒకటి పడి కనబడేది ఇందుకే.

ఒక పక్క నుంచి చూస్తే కలిసిపోయినవి ఇంకో పక్క నుంచి విడివిడిగా కనబడతాయి. అందుకని సీటీ యంత్రంలో కిరణాలు పంపే గొట్టం మన చుట్టూ తిరుగుతుంది. ప్రతి కోణం నుంచి ఒక నీడ. శాస్త్ర పరిభాషలో దీన్ని ప్రక్షేపం అంటారు. మనం నీడ అనే అనుకుందాం.

నాలుగు గళ్ల పెట్టె

వెనక్కి లెక్క కట్టడం ఎలాగో చూద్దాం. నాలుగు గళ్లున్న చిన్న పెట్టె ఒకటుంది అనుకోండి. పైన రెండు గళ్లు, కింద రెండు. ఒక్కో గడిలో కొన్ని చింతగింజలు పోసి మూత పెట్టాం. మూత తీయకూడదు. మొత్తాలు మాత్రం చెబుతాను. పై వరుసలో 7, కింది వరుసలో 8. ఎడమ నిలువులో 9, కుడి నిలువులో 6. ఏ గడిలో ఎన్ని గింజలున్నాయి?

కాగితం తీసుకుని ప్రయత్నించండి. పైన 5, 2. కింద 4, 4 అంటే సరిపోతుంది. పైన 4, 3. కింద 5, 3 అన్నా సరిపోతుంది. పైన 7, 0. కింద 2, 6 అన్నా తప్పు పట్టలేం. ఇలా మొత్తం ఏడు జవాబులు వస్తాయి. ఏడూ నాలుగు కొలతలకీ సరిపోయేవే.

ఇప్పుడు ఇంకొక్క కొలత ఇస్తాను. మూలగా చూస్తే, ఎడమ పై గడి, కుడి కింది గడి కలిపి 9. అంతే, ఏడింటిలో ఆరు ఎగిరిపోయాయి. పైన 5, 2. కింద 4, 4. జవాబు ఒక్కటే మిగిలింది. కొత్త కోణం నుంచి వచ్చిన ఒక్క నీడ అంత పని చేసింది.

ఒక జవాబు నుంచి ఇంకో జవాబుకి మనం ఎలా వెళ్లామో కూడా గమనించండి. పై వరుసలో ఎడమ గడిలోంచి ఒక గింజ తీసి కుడి గడిలో వేశాం. కింది వరుసలో కుడి గడిలోంచి ఒకటి తీసి ఎడమ గడిలో వేశాం. లోపల సరుకు మారింది, అడ్డు మొత్తాలూ నిలువు మొత్తాలూ మాత్రం మారలేదు. మన కొలతలకి ఆ మార్పు ఆనదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఇలాంటి మార్పుని ‘దయ్యం’ అని పిలుస్తారు. ఉంటుంది, నీడ పడదు! నీడలు ఎంత తక్కువైతే పెట్టెలో అన్ని దయ్యాలకి చోటుంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

రాడోన్ నుంచి రామచంద్రన్ దాకా

అన్ని దిక్కుల నుంచీ, అన్ని గీతల మీదా మొత్తాలు తెలిస్తే లోపలిదాన్ని తుచ తప్పకుండా తిరిగి కట్టవచ్చని ఆస్ట్రియా గణితవేత్త యోహాన్ రాడోన్ 1917లో నిరూపించాడు. అప్పటికి అది వట్టి గణితం. వైద్యంలో దాని అవసరం వచ్చేసరికి అర్ధ శతాబ్దం పట్టింది. దక్షిణాఫ్రికాలో పుట్టిన భౌతికశాస్త్రవేత్త ఆలన్ కార్మాక్ 1963, 1964లలో ఇదే సమస్య మీద రెండు పత్రాలు ప్రచురించాడు. ఇంగ్లండులో ఈఎంఐ కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ యంత్రమే కట్టాడు. ప్రయోగశాలలో అతని మొదటి స్కాన్‌కి తొమ్మిది రోజులు పట్టింది. రోగికి తీసిన మొదటి స్కాన్ 1971 అక్టోబరు 1న, లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో. ఆ రోగి ఒక స్త్రీ. ఆమె మెదడులో ఉన్న తిత్తి బొమ్మలో గుండ్రంగా కనబడింది. 1979లో కార్మాక్‌కీ హౌన్స్‌ఫీల్డ్‌కీ కలిపి వైద్యంలో నోబెల్ ఇచ్చారు.

ఆ తొలి యంత్రం ఒక్కో డిగ్రీ చొప్పున 180 కోణాల్లో కొలిచేది. ఒక్కో కోణంలో 160 కొలతలు. మొత్తం 28,800. గీయాల్సిన బొమ్మ నిలువుకి 80, అడ్డానికి 80 గళ్లు, అంటే 6,400 గళ్లు. తెలుసుకోవాల్సిన అంకెల కంటే చేతిలో ఉన్న కొలతలు నాలుగు రెట్లకి పైనే. చేతి నిండా నీడలుంటే పని ఎంత నిశ్చింతగా ఉంటుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఈ కథలో మన బెంగళూరుకీ ఒక చోటుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఉండగా కొల్లాజెన్ అనే మాంసకృత్తు నిర్మాణం మూడు పేటల జడలా ఉంటుందని చూపిన జి.ఎన్. రామచంద్రన్, ఆ తర్వాత ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి వచ్చారు. ఆయన, ఎ.వి. లక్ష్మీనారాయణన్ కలిసి 1971లోనే నీడల నుంచి బొమ్మ కట్టడానికి ఒక తేలికైన పద్ధతి ప్రచురించారు. ప్రతి నీడనీ అది వచ్చిన దిక్కులోనే బొమ్మ మీద వెనక్కి పూసుకుంటూ వెళ్తే, అన్ని పూతలూ కలిసిన చోట అసలు వస్తువు తేలుతుంది. కానీ చుట్టూ పొగమంచు పట్టినట్టు మసకగా ఉంటుంది. అలా పూయడానికి ముందే ప్రతి నీడనీ ఒక జల్లెడ పట్టి అంచులకి పదును పెడితే ఆ మసక పోతుంది. రేడియో ఖగోళశాస్త్రంలో బ్రేస్‌వెల్, రిడిల్ 1967లో ఇలాంటి ఆలోచనే చేశారు. రామచంద్రన్, లక్ష్మీనారాయణన్‌ల జల్లెడని వాళ్ల పేర్ల మొదటి అక్షరాలు కలిపి ‘రామ్-లాక్ ఫిల్టర్’ అంటారు. సీటీ పాఠం చెప్పే పుస్తకాల్లో ఈ పేరు ఇప్పటికీ కనబడుతుంది.

నీడలు ఎందుకు తగ్గించాలి?

అన్ని కోణాల నుంచీ తీస్తే సరిపోయేదానికి తక్కువతో తంటాలు పడటం ఎందుకు? కారణాలు రెండు. ఒకటి, ప్రతి నీడకీ శరీరం ఒక ఖరీదు కడుతుంది. ఎక్స్-రే మోతాదుని మిల్లీసీవర్టులలో కొలుస్తారు. నేల నుంచి, ఆకాశం నుంచి, గాలి నుంచి, తిండి నుంచి ఒక మనిషికి సహజంగా అందేది ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4. ఛాతీ ఎక్స్-రేకి 0.1 లేదా అంతకంటే తక్కువ. తల సీటీకి సుమారు 2. కడుపు సీటీకి 8 నుంచి 10 దాకా రావచ్చు. అవసరమైనప్పుడు స్కాన్ వల్ల కలిగే మేలు ఈ మోతాదు వల్ల రాగల ముప్పు కంటే చాలా ఎక్కువ. అయినా చిన్నపిల్లలకీ, మళ్లీ మళ్లీ స్కాన్ తీయాల్సిన వాళ్లకీ మోతాదు ఎంత తగ్గితే అంత మంచిది.

రెండోది, కొన్నిచోట్ల అన్ని కోణాలూ దొరకవు. స్తనాల పరీక్షలో వాడే టోమోసింథసిస్ అనే పద్ధతే తీసుకోండి. గొట్టం చుట్టూ తిరగదు. యంత్రాన్ని బట్టి 15 నుంచి 50 డిగ్రీల చాపంలో మాత్రం కదిలి కొన్ని చిత్రాలు తీస్తుంది. మామూలు మామోగ్రాములో ఒకదాని మీద ఒకటి పడి దాగిపోయే కణుపులు ఇందులో కొంతవరకు విడిపోయి కనబడతాయి. కానీ మిగతా కోణాలు అసలు చూడనే లేదు కదా. కొట్టుకుంటున్న గుండె ఇంకో రకం చిక్కు. అది ఒక్క భంగిమలో ఉండే రెప్పపాటులోనే నీడలన్నీ పట్టుకోవాలి.

ఏది పోతుందో ముందే చెప్పవచ్చా?

చెప్పవచ్చు. ఇక్కడ తాటాకుల కట్ట బాగా పనికొస్తుంది. వంద ఆకులున్న తాళపత్ర గ్రంథం బల్ల మీద పడుకోబెట్టి ఉందనుకోండి. పైనుంచి కిందికి ఎక్స్-రే పంపితే వంద ఆకులూ కలిసి ఒకే మందమైన నీడ పడుతుంది. ఆకుకీ ఆకుకీ మధ్య సందు కనబడదు. పక్క నుంచి, ఆకుల వెంబడే కిరణం పంపితే ప్రతి సందూ గీత గీసినట్టు తెలుస్తుంది.

నియమం ఇది: ఒక అంచు బొమ్మలో స్పష్టంగా రావాలంటే, ఆ అంచుని రాసుకుంటూ పోయిన కిరణం కనీసం ఒకటుండాలి. ఆ దిక్కులో కిరణం పంపకపోతే ఆ అంచు మసకబారుతుంది, లేదా ఆ దిక్కున సాగిపోయి కనబడుతుంది. ఇక కోణాలన్నీ ఉండి, వాటి మధ్య ఎడం మరీ ఎక్కువైతే బొమ్మ నిండా చీపురు పుల్లల్లాంటి చారలు పడతాయి. రామ్-లాక్ పద్ధతి సరిపడినన్ని నీడలున్నప్పుడు చక్కగా పనిచేస్తుంది. నీడలు చాలనప్పుడు ఖాళీని ఖాళీగానే వదిలేస్తుంది, ఆ ఖాళీయే చారలై కనబడుతుంది.

ఛందస్సు లాంటి సాయం

ఖాళీలు నింపాలంటే కొలతలు కాకుండా ఇంకేదో తెలిసుండాలి. దీన్ని మనవాళ్లకి సైన్స్ విద్యార్థులకంటే తేలిగ్గా చెప్పవచ్చు.

ఉత్పలమాల పద్యం ఒకటి పురుగు తిని గ్రంథపాతం అయింది అనుకోండి. ఒక పాదంలో పదో అక్షరం లేదు. ఊరికే ఊహిస్తే అక్కడ ఏ అక్షరమైనా ఉండవచ్చు. కానీ అది యతిస్థానం. పాదం ‘క’తో మొదలైతే పదో అక్షరంలో క, ఖ, గ, ఘ లాంటి మైత్రి కుదిరే హల్లే ఉండాలి, అచ్చు కూడా కుదరాలి. పైగా ఆ చోట గురువే రావాలి. వందల అక్షరాలు పోయి గుప్పెడు మిగిలాయి. పోయింది మూడో పాదంలో రెండో అక్షరమైతే అది ప్రాస. మిగతా పాదాలు చూసి హల్లు చెప్పేయవచ్చు, అది లఘువనీ చెప్పవచ్చు. కానీ అచ్చు ఏదో ప్రాస చెప్పదు. దానికి అర్థం చూడాలి, ఇంకో ప్రతి చూడాలి.

సీటీలోనూ ఇలాంటి నియమాన్నే వెతికారు. మొదట కావలసింది ఊహించి, సరిచూసి, దిద్దుకునే పద్ధతి. ఒక బొమ్మ ఊహించు, దాని నీడలు లెక్క కట్టు, కొలిచిన నీడలతో పోల్చు, తేడాని ఆ గీత మీది గళ్లకి పంచు, మళ్లీ మొదలుపెట్టు. దీనికి మూలమైన గణితాన్ని పోలండ్ గణితవేత్త స్టెఫాన్ కచ్‌మార్జ్ 1937లో ఇచ్చాడు. గోర్డన్, బెండర్, హెర్మన్ 1970లో దాన్ని బొమ్మలు కట్టే పనికి తెచ్చారు. మన గింజల పెట్టెకీ ఈ పద్ధతి పనిచేస్తుంది. కానీ ఏడు జవాబులున్నప్పుడు అది ఏదో ఒకటి పట్టుకొస్తుంది. ఏది కావాలో చెప్పే నియమం వేరే ఉండాలి.

ఆ నియమం శరీరంలోనే దొరికింది. ఒక అవయవం లోపల సాంద్రత చాలావరకు సమంగా ఉంటుంది. అవయవం అంచు దగ్గరే ఒక్కసారిగా మారుతుంది. అంటే బొమ్మలో చదునైన చోట్లు ఎక్కువ, అంచులు తక్కువ. కాబట్టి కొలతలన్నిటికీ సరిపోయే బొమ్మల్లో, గడికీ గడికీ మధ్య ఎగుడుదిగుళ్ల మొత్తం అన్నిటికంటే తక్కువ ఉన్నదాన్ని ఎంచుకో అన్నారు. కాండెస్, రోంబర్గ్, టావో అనే ముగ్గురు 2006లో వచ్చిన పత్రంలో దీని బలం చూపించారు. అడ్డానికి 512, నిలువుకి 512 గళ్లున్న నమూనా తల బొమ్మని, 22 దిక్కుల సమాచారంతోనే ఉన్నదున్నట్టు రాబట్టారు. హౌన్స్‌ఫీల్డ్ యంత్రానికి 180 దిక్కులు కావలసి వచ్చిన సంగతి పక్కన పెట్టుకుని చూడండి. అయితే ఆ నమూనా తల కొన్ని దీర్ఘవృత్తాలతో గీసినది, కొలతల్లో పొరపాట్లు లేనిది. ఎగుడుదిగుళ్ల నియమానికి అది అచ్చంగా ఒదిగింది. నిజం మనిషి తల అంత బుద్ధిగా ఉండదు.

అందంగా ఉన్నంత మాత్రాన

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. యతిప్రాసలు కుదిరాయి కాబట్టి ఇదే కవి రాసిన మాట అని తేల్చేసే పరిష్కర్తని మనం నమ్ముతామా? ఛందస్సు బాగా వచ్చినవాళ్లు ఏ ఖాళీనైనా లక్షణంగా నింపేస్తారు. నింపినకొద్దీ చదవడానికి హాయిగా ఉంటుంది. కవి మాట మాత్రం ఎక్కడో పోయి ఉంటుంది.

బొమ్మ విషయంలోనూ అంతే. ‘ఎగుడుదిగుళ్లు తక్కువ’ అనే నియమాన్ని మరీ గట్టిగా పట్టుకుంటే, సన్నటి నేత లాంటి వివరాలు మాసిపోయి బొమ్మ తైలవర్ణ చిత్రంలా నున్నగా తయారవుతుంది. ఆ నున్నదనం కింద ఒక చిన్న మచ్చ కూడా మాసిపోయి ఉండవచ్చు. ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కారు. వేల స్కాన్లు చూపించి కంప్యూటర్‌కే నియమం నేర్పిస్తున్నారు. తక్కువ నీడలతో, తక్కువ మోతాదుతో ఇది ఇచ్చే బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ 2020లో ఆంటున్, మరి కొందరు గణితవేత్తలు ఇలాంటి పద్ధతుల్ని పరీక్షించి చూశారు. కొలతల్లో కంటికి ఆనని చిన్న మార్పు చేస్తే బొమ్మలో లేని ఆకారాలు పుట్టుకురావచ్చనీ, ఉన్న చిన్న వివరాలు మాయం కావచ్చనీ తేల్చారు. నేర్చుకున్న తలలన్నీ ఆరోగ్యంగా ఉంటే, ఈ తలలోని కంతిని కూడా అది ఆరోగ్యంగా దిద్దేయగలదు. పద్యంలో తప్పు పడితే పాఠాంతరం అంటాం. స్కాన్‌లో తప్పు పడితే ఒక మనిషికి అవసరం లేని ఆపరేషన్ జరగవచ్చు, లేదా అవసరమైనది జరగకుండా పోవచ్చు.

సరిచూసే దారి లేదా? ఒకటుంది. గీసిన బొమ్మ నుంచి నీడలు మళ్లీ లెక్క కట్టి, నిజంగా కొలిచిన నీడలతో పోల్చాలి. కలవకపోతే ఆ బొమ్మ తప్పని ఖాయం. కలిసినా ఒప్పని ఖాయం కాదు, ఎందుకంటే దయ్యాలకి నీడ పడదు. కాబట్టి రెండో జాగ్రత్త కూడా కావాలి: ఏ భాగం కొలతల నుంచి వచ్చింది, ఏ భాగం నియమం నుంచి వచ్చింది అన్నది చూసేవాళ్లకి తెలియాలి. ఏ దిక్కు అంచులు పోతాయో ముందే చెప్పగలం కాబట్టి ఇది కొంతవరకు చేయదగిన పనే. ఆ దిక్కులో కనబడిన గీతని డాక్టరు ఒకటికి రెండుసార్లు అనుమానించాలి, అవసరమైతే వేరే పరీక్ష అడగాలి.

మంచి పరిష్కర్తలు చేసేదీ ఇదే. పోయిన అక్షరాల్ని తాము పూరిస్తే కుండలీకరణంలో పెడతారు. పాఠాంతరాలు అడుగున ఇస్తారు. ఏమీ తోచని చోట చుక్కలు పెట్టి వదిలేస్తారు. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోని ప్రతుల మీద రేపు మనలో ఎవరైనా పనిచేస్తే ఆ చుక్కల విలువ తెలుస్తుంది. ‘ఇక్కడ నాకు తెలియదు’ అని గుర్తు పెట్టిన పుటని తర్వాతివాళ్లు ఇంకో ప్రతి దొరికినప్పుడు సరిదిద్దగలరు. గుర్తు లేకుండా నింపేసిన పుటని సరిదిద్దాలని ఎవరికీ తోచదు.

ఇంట్లో ఎవరికైనా స్కాన్ రాస్తే గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు మాటలు. పాత ఫిల్ములు, సీడీలు దాచి వెంట తీసుకెళ్లండి. అవి చేతిలో ఉంటే కొన్నిసార్లు కొత్త స్కాన్ అవసరమే పడదు, తీసినా పక్కన పెట్టి పోల్చడానికి పనికొస్తాయి. గర్భం ఉన్నా, ఉందేమోనని అనుమానమున్నా ముందే చెప్పాలి. పిల్లలకైతే, ఎక్స్-రే లేని అల్ట్రాసౌండ్‌తో సరిపోతుందా అని డాక్టరు గారిని అడగండి. అడగడం తప్పేమీ కాదు.